స్కెచప్‌లో కిటికీ పడుకుంటే ఏం చేయాలి?

పిల్లలూ, స్కెచప్‌లో ఇంటి నమూనా చేసేటప్పుడు గోడకు పెట్టిన కిటికీ పడుకుంటోందా? ఒక్కొక్కదాన్నీ తిప్పుతూ కూర్చోకండి. చాలాసార్లు తప్పు దాని అక్షాల్లోనే ఉంటుంది.

ప్రతి కాంపొనెంట్‌కూ సొంతంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అక్షాలు ఉంటాయి. నమూనా మొత్తానికి నీలం అక్షం పైకి చూస్తుంది. గోడకు అతికే కిటికీకి మాత్రం ఎరుపు, ఆకుపచ్చ అక్షాలు గోడ వెంబడి ఉండాలి. నీలం గోడలోంచి బయటికి రావాలి.

1. కిటికీపై రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ ఆక్సెస్’ ఎంచుకోండి. బయటినుంచి చూస్తూ, గోడకు ఆనే ఎడమ కింది మూలలో మొదటి క్లిక్, కుడివైపు ఎరుపు, పైకి ఆకుపచ్చ.

2. కాంపొనెంట్ల పెట్టెలో ఎడిట్ విభాగానికి వెళ్లి ‘గ్లూ టు’లో ‘ఎనీ’ పెట్టి, ‘కట్ ఓపెనింగ్’ టిక్ చేయండి.

3. అక్షాలు మార్చినా పాత కాపీలు కదలవు. వాటిని తీసేసి మళ్లీ పెట్టండి.

4. గోడ గ్రూప్ అయితే ముందు డబుల్ క్లిక్‌తో దాన్ని తెరిచి, లోపలే కిటికీ పెట్టండి. బయట పెడితే గోడకు కన్నం పడదు. కన్నం ఒక్క ముఖానికే పడుతుంది. గోడ వెనక ముఖాన్ని మీరే కోయాలి.

5. కిటికీ లోపలి రెక్క ఒక్కటే వంకరగా ఉంటే, ఏదో ఒక కిటికీని తెరిచి రెక్కను సరిచేస్తే చాలు. అన్ని కాపీల్లోనూ సరవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట: మెనూలన్నీ ఇంగ్లీషులో ఉండేసరికి కొందరు పిల్లలు “ఇది నాకు రాదు” అని వదిలేస్తున్నారు. వాళ్లకు రానిది చదువు కాదు, ఈ ఒక్క కిటుకే. “అక్షాలు చూశావా?” అని పక్కన కూర్చుని అడగండి.