అప్రియ చిత్రాలు – దేహ స్పందన

భయం, జుగుప్స, శోకం కలిగించే చిత్రం కంటబడినప్పుడు గుండె నడకలోనూ, చర్మంలోనూ, ముఖ కండరాలలోనూ సంకల్పంతో నిమిత్తం లేకుండా కలిగే మార్పులు ఈ వ్యాస విషయం. వీటిని యంత్రాలతో కొలవడం పందొమ్మిదో శతాబ్ది చివర మొదలైనా, గమనించి పేర్లు పెట్టడం నాట్యశాస్త్రంలోనే జరిగింది. నిశ్చేష్టత అనదగిన స్తంభం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, వెలవెలబోవడం, కన్నీరు, స్పృహ తప్పడం అనే ప్రళయం, ఈ ఎనిమిదీ సాత్త్విక భావాలు. పద్నాలుగో శతాబ్దిలో రాచకొండనేలిన రేచర్ల సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’లో వీటిని చర్చించాడు. అయితే నాట్యశాస్త్రానికి ముఖ్యం నటుడి దేహం గనుక, నేటి ప్రయోగ ఫలితాలన్నీ అందులోనే ఉన్నాయనడం అతిశయోక్తి.

దేహంలో మార్పు ముందు, ఉద్వేగానుభవం తరువాత అని విలియం జేమ్స్ 1884లో వాదించాడు. చర్మపు విద్యుత్ నిరోధం ఉద్వేగంతో మారుతుందని 1888లో షార్ల్ ఫెరె పారిస్‌లో చూపాడు. 1915లో వాల్టర్ కానన్ భయక్రోధాలు దేహాన్ని పోరుకో పరుగుకో సిద్ధం చేస్తాయని వివరించడంతో, భీకర దృశ్యం ఏదైనా గుండెను దడదడలాడిస్తుందన్న అభిప్రాయం స్థిరపడింది.

చిత్రాల విషయంలో అది నిలవలేదు. బయటి వస్తువుపై దృష్టి నిలిపినప్పుడు గుండె నెమ్మదిస్తుందని 1960ల నాటికి జాన్ లేసీ, బియాట్రిస్ లేసీ గుర్తించారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పీటర్ లాంగ్, మార్గరెట్ బ్రాడ్లీ బృందం వందలాది ఛాయాచిత్రాలకు ప్రియాప్రియతలను, ఉద్రేక తీవ్రతను తొమ్మిది మెట్ల కొలతపై నిర్ణయించి, ఒక్కొక్కటి ఆరు సెకన్లు చూపుతూ పరీక్షించింది. అప్రియ చిత్రం చూస్తుండగా గుండె వేగం ప్రియ చిత్రం చూసేటప్పటికంటే ఎక్కువ తగ్గింది, కనుబొమలు ముడిపడ్డాయి. చెమట మాత్రం ప్రియమైనా అప్రియమైనా ఉద్రేకాన్నిబట్టే పెరిగింది. అప్రియ చిత్రం చూస్తుండగా హఠాత్తుగా పెద్ద చప్పుడు వినిపిస్తే కనురెప్ప మరింత గట్టిగా కొట్టుకుంటుందని 1988లో తేలింది. కదలక ఆగి ముప్పును పరిశీలించే తొలి దశ ఇదని, ముప్పు మీదికి వచ్చాకే పరుగుకు తగిన వేగం గుండెకు వస్తుందని లాంగ్ వివరణ. పామంటే విపరీత భయం గలవారికి పాము బొమ్మ చూసినా గుండె వేగం పెరుగుతుంది. నెత్తురు చూడలేనివారిలో కొందరికి నాడి, రక్తపోటు పడిపోయి సొమ్మసిల్లడం జరుగుతుంది.

ప్రయోగశాల బయట ఇలాంటి చిత్రాలు నిత్యం కనబడే చోటు పొగాకు పెట్టె. నందిగామ, జగ్గయ్యపేట వంటి మెట్ట పట్టణాల కిళ్లీకొట్లు మొదలు దేశమంతటా, 2003 చట్టం కింద 2009 మే 31 నుంచి బొమ్మల హెచ్చరికలు తప్పనిసరయ్యాయి; 2016 ఏప్రిల్ 1 నుంచి అవి పెట్టె ప్రధాన ముఖాలలో 85 శాతం ఆక్రమిస్తున్నాయి. ఒకే చిత్రాన్ని పదేపదే చూపితే గుండె, చర్మాల స్పందన త్వరగా తగ్గుతుందని, కనుబొమల ముడి మాత్రం నిలుస్తుందని 1993లో బ్రాడ్లీ బృందం కనుగొంది. ఈ దృష్టితో చూస్తే, హెచ్చరిక చిత్రాన్ని పన్నెండు నెలలకొకసారి మార్చాలన్న భారత నిబంధన బొమ్మ పరిమాణం కంటే తక్కువ ముఖ్యమైనదేమీ కాదు.