జీతం వదిలి జట్కా ఎక్కిన డ్రిల్లు మేష్టారు

కోడి రామమూర్తి నాయుడు గారి పేరెత్తితే మా లంజిపల్లి ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందు ఏనుగు సంగతే చెప్తారు. గుండెల మీద బల్ల వేయించుకుని దాని మీద ఏనుగుని నిలబెట్టుకునేవారని, ఊపిరి బిగిస్తే ఒంటికి చుట్టిన ఇనప గొలుసు పటుక్కున తెగేదని, బయల్దేరిన మోటారు కార్లని గొలుసులతో పట్టి కదలకుండా ఆపేవారని. ఇవన్నీ చిన్నప్పట్నుంచి విన్నవే. వీటన్నిటికన్నా ముందు ఆయన విజయనగరంలో ఒక బళ్లో వ్యాయామం నేర్పే మేష్టారని, నెల తిరిగితే జీతం వచ్చే ఆ పని వదులుకునే సర్కస్‌లోకి దిగారని మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. మాకు ఇప్పుడు కావలసింది ఆ ముక్కే.

ఎందుకంటే మా చిన్నాన్నగారి అబ్బాయి ఉద్యోగం మానేస్తానంటున్నాడు. డిస్క్ గోల్ఫ్ ఆడుకుంటూ ఊరూరా, దేశదేశాలు తిరుగుతాడట. తెలియనివాళ్లకి ఒక్క మాట: పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కుని విసురుకుంటూ వెళ్లి, చివరకి గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడేలా చెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గెలుపు. ఇది విని మా మామ్మ "బంగారం లాంటి ఉద్యోగం వదిలేసి పళ్లేలు విసురుకుంటాడా? ఏటి బాబూ ఈ కర్మ" అంది. ఇంట్లో సగం మంది మామ్మ వైపు, సగం మంది వాడి వైపు. ఎవరి వైపు మాట్లాడాలన్నా ముందు ఇలాంటి పని చేసిన మనవాళ్లు ఎవరున్నారో చూద్దామనుకున్నాం. దొరికిన మొదటి పేరు రామమూర్తి గారిదే.

ఆయన 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టారు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేవరకూ ఆ ఊరూ మన బరంపురమూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తల్లి చిన్నప్పుడే పోతే, విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే పినతండ్రి దగ్గర పెరిగారు. చదువు కన్నా కుస్తీ మీదే ధ్యాస. పినతండ్రి ఆయన్ని మద్రాసు దగ్గర సైదాపేటకి పంపి ఒక ఏడాది వ్యాయామ శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చాక చదువుకున్న బడిలోనే మేష్టరు ఉద్యోగం. మద్రాసులో పేరుపడ్డ వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల 1920లో గానీ రాలేదు. అంతకు ముందే అలాంటి శిక్షణ ఉన్న తెలుగువాళ్లు ఎందరుంటారు? పోటీ లేని ఉద్యోగం, ఊళ్లో గౌరవం. కదలకుండా కూర్చుంటే జీవితం అలాగే వెళ్లిపోయేది.

మా ఉద్దేశంలో ఆ ఉద్యోగమే ఆయన్ని తయారుచేసింది. ఆడే ఒంటికి రోజూ పని కావాలి, పనిచేసే చోటు కావాలి, ఆ పూట కూటికి లోటు ఉండకూడదు. ఈ మూడూ మేష్టరు పని ఇచ్చింది. అక్కడ కూడబెట్టుకున్న బలాన్నే తర్వాత ఊళ్ల మీద ఖర్చుపెట్టారు.

ఇది ఆయన ఒక్కడి కథా కాదు. మన దేశంలో సర్కస్ మొదలైన తీరే అలాంటిది. మహారాష్ట్రలో విష్ణుపంత్ ఛత్రే కురుంద్‌వాడ్ రాజుగారి దగ్గర గుర్రపుశాల చూసుకునేవాడు. 1879లో బొంబాయికి వచ్చిన ఇటలీ దొర కియారినీ సర్కస్ చూసి పట్టుదల పెరిగి, 1880 మార్చిలో సొంతంగా గ్రేట్ ఇండియన్ సర్కస్ పెట్టాడు. కేరళలో తలశ్శేరి కీలేరి కుంజికణ్ణన్ కసరత్తు నేర్పే మేష్టరే. ఆయన 1901లో సర్కస్ బడి తెరిచాడు. ఒకరు గుర్రాల దగ్గర, ఒకరు బడి మైదానంలో నేర్చుకున్నదాన్ని గుడారంలోకి తీసుకెళ్లారు. మూడోవారు మన రామమూర్తి గారు.

డబ్బు? ఒంటి బలం ఒక్కటే ఉంటే గుడారం లేవదు. విజయనగరంలో పొట్టి పంతులుగారనే ఆయన తోడు నిలిస్తే సర్కస్ పెట్టగలిగారు. తుని రాజావారు ఆదుకున్నాక అది పెరిగింది. మొదట్లో జట్కా బండ్ల మీద తెలుగు జిల్లాలన్నీ తిరిగారు. 1890ల్లో వేసిన తూర్పు కోస్తా రైలు దారి అప్పటికే విజయనగరం, బరంపురం మీదుగా పోతోంది. అయినా రైలు దిగాక ఊళ్లోకి వెళ్లేది జట్కాయే కదా. 1912లో మద్రాసు చేరాక పేరు దేశమంతా పాకింది. ఉత్తరాదిలో ఆయన 'ప్రొఫెసర్ రామమూర్తి'. మేష్టరు ఉద్యోగం పోయినా మేష్టరు పేరు పోలేదు చూడండి! కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులీస్ లాంటి బిరుదులు కూడా వచ్చాయి.

ఇక్కడో చిన్న ఆటంకం. మద్రాసు వచ్చాక వైస్రాయి మింటో ప్రభువే పరీక్ష పెట్టి, తన కారు ఆపమన్నాడని చాలా చోట్ల రాస్తారు. మేం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లం, తేదీ కనిపిస్తే సరిచూడకుండా ఉండలేం. మింటో 1910 నవంబరులోనే పదవి దిగిపోయాడు. 1912లో వైస్రాయి హార్డింజ్. కాబట్టి ఆ కథలో ఏడాదో మనిషో ఒకటి తప్పు. కారు ఆపిన సంగతి మాత్రం ఎన్నో ఊళ్లవాళ్లు చూసినదే. ఆ కాలంలో కారే ఒక వింత. దాన్ని మనిషి ఆపడం ఇంకా పెద్ద వింత.

మళ్లీ మా వాడి ఆట దగ్గరికొద్దాం. డిస్క్ గోల్ఫ్‌ని ఒక రూపానికి తెచ్చిన ఎడ్ హెడ్రిక్‌దీ ఇదే కథ. ఫ్రిస్బీలు చేసే వామ్-ఓ కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు వేయించి, ఉద్యోగం వదిలి, 1976లో ఆటగాళ్ల సంఘం పెట్టాడు. ఆయన ముద్దుపేరు 'స్టెడీ ఎడ్'. స్టెడీ ఉద్యోగం వదిలింది ఆయనే! 2002లో పోయాక, కోరిక ప్రకారం అస్థికల బూడిదని డిస్కుల్లో కలిపి పోతపోశారు. మామ్మకి ఇది మాత్రం చెప్పలేదు. ఇక 2021లో పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడికి డిస్కులు చేసే కంపెనీ ఒకటి పదేళ్లకి కోటి డాలర్లు రాసిచ్చింది. మా వాడు నెత్తిన పెట్టుకున్నది ఆ అంకెనే. వేలమంది ఆడితే ఒకడికి దొరికే అంకె అది.

రామమూర్తి గారికీ డబ్బు బాగానే వచ్చింది. లక్షలు సంపాదించారని, అంతకు మించి దానాలు చేశారని చెప్తారు. చేతిలో నిలవలేదన్నది మాత్రం నిజం. సర్కస్ పెద్దకి కుస్తీ పట్టే ఒళ్లొకటే కాదు, మనుషులూ జంతువులూ బోలెడు కడుపులు నింపాలి. వాన పడితే ఆట లేదు, ఆట లేకపోతే టిక్కెట్టు లేదు. మేష్టరుకి సెలవుల్లోనూ జీతం నడుస్తుంది. ఈ తేడా మా వాడు కాగితం మీద పెట్టి చూసుకోవాలని మా మాట.

చివరి రోజుల్లో కాలికి పుండు లేచి, ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే కోత భరించారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన పాట్నా సంస్థానంలో ఉన్నారు. ఈ పాట్నా అనగానే చాలామంది బీహారు అనుకుంటారు. అది కాదు. బలంగీర్ రాజధానిగా ఉన్న మన ఒడిశా పాట్నా. అప్పటి రాజు రాజేంద్ర నారాయణ సింగ్‌దేవ్, తర్వాత 1967లో ఒడిశా ముఖ్యమంత్రి అయిన ఆయనే. అక్కడే 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో రామమూర్తి గారు కన్నుమూశారు.

శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. భంజనగర్, ఫుల్బని మీదుగా బలంగీర్‌కి ఈ సంక్రాంతికి మేమే వెళ్లాలనుకుంటున్నాం. మా వాడు కూడా వస్తానన్నాడు. సెలవు దొరికితే.