నా ఫేవరెట్ డంజన్ జెల్డాలో లేదు, ఉదయగిరిలో ఉంది

ఈ ఎపిసోడ్ చేస్తానని చాలా రోజుల నుంచి చెప్తా ఉన్నాను, ఇప్పటికి కుదిరింది.

జెల్డా ఆడేవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. నీ ఫేవరెట్ డంజన్ ఏది? బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు మా రూమ్‌లో దీని మీద అర్ధరాత్రి దాకా గొడవలు జరిగేవి. ఒకడు ఫారెస్ట్ టెంపుల్ అంటాడు, ఇంకొకడు స్నోపీక్ అంటాడు. నేను మాత్రం "ఉదయగిరి" అనేవాణ్ణి. అది ఏ గేమ్‌లో ఉంది రా అని వాళ్ళు ఫోన్ తీసి వెతికేవాళ్ళు. నెల్లూరు జిల్లా అని వచ్చేది.

జోక్ కాదు, సీరియస్‌గానే అంటున్నా. ఈరోజు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. చివర్లో నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్తాను. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ చేస్తే మోసం అవుతుంది.

జెల్డా తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. 1986లో నింటెండో మొదటి గేమ్ వదిలింది. దాన్ని తయారుచేసిన మియమోతో చిన్నప్పుడు క్యోటో దగ్గర సొనోబె అనే ఊళ్ళో కొండలు, గుహలు పట్టుకుని తిరిగేవాడు. ఆ తిరుగుడే తర్వాత గేమ్ అయింది. ఆ మొదటి గేమ్‌లో 9 డంజన్లు. లోపలికి పోతావు, మ్యాప్ దొరుకుతుంది, ఒక కొత్త వస్తువు దొరుకుతుంది, ఆ వస్తువుతోనే చివర్లో బాస్‌ని కొడతావు. ఫార్ములా అంతే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. డంజన్ అంటే మనకి నేల కింద చీకటి గది అనే గుర్తు. కానీ ఆ మాట పాత ఫ్రెంచ్ మాట 'దొంజోన్' నుంచి వచ్చింది. దానికి అర్థం కోటలో అన్నిటికంటే గట్టి బురుజు, శత్రువు ఆఖరున పట్టుకునే చోటు. తర్వాత్తర్వాత ఖైదీలను పెట్టే నేలమాళిగకి ఆ పేరు దిగిపోయింది. అంటే అసలు డంజన్ కింద ఉండేది కాదు, పైన ఉండేది. ఆ లెక్కన మా ఉదయగిరి దుర్గం కరెక్ట్ డంజన్.

మా నాన్నది ఆత్మకూరు, అమ్మది ఉదయగిరి. ఎండాకాలం సెలవులిస్తే చాలు, ఆత్మకూరు బస్టాండ్‌లో బస్సెక్కించేవాళ్ళు. కిటికీ సీటు కోసం చెల్లెలితో కొట్లాట. ఊరు ఇంకా రాకముందే కొండ కనపడతుంది, సముద్రమట్టానికి 3,000 అడుగుల పైమాటే. కొన్ని వైపులైతే దాదాపు 1,000 అడుగుల నిట్టనిలువు బండ. ఆ కొండ మీద, కింద కలిపి 13 కట్టడాలుగా కోటని లెక్కేశారు, 8 పైన, 5 కింద. పైకిపోయే ప్రతి దారినీ కాపలా గోడలు కనిపెట్టుకునుండేవి. లెవెల్ డిజైన్ అంటే ఇది కదా! కొండే సగం పని చేసేసింది, మిగతా సగం మనుషులు పూర్తిచేశారు.

చరిత్రలో ఈ ఊరి పేరు చిన్నదేం కాదు. విజయనగరం మొదలైన కొత్తలోనే హరిహర, బుక్కరాయల సోదరుడు కంపరాయలు ఉదయగిరి నుంచి తూర్పు సీమని ఏలాడు. ఆయన కొడుకు రెండో సంగముడు 1356లో ఇచ్చిన బిట్రగుంట శాసనం మన జిల్లాదే. తర్వాత ఈ కోట ఒరిస్సా గజపతుల చేతికి పోయింది. విజయనగరం వాళ్ళకి అది గొంతులో ముల్లు. ఆ ముల్లు తీయడానికి శ్రీకృష్ణదేవరాయలు 1513లో బయల్దేరాడు.

ఇప్పుడు అసలు గేమ్‌ప్లేకి వద్దాం.

న్యూనిజ్ అని పోర్చుగీస్ గుర్రాల వ్యాపారి ఒకాయన ఈ ముట్టడి గురించి రాశాడు. ఆయన విజయనగరం వచ్చింది ఇరవై ఏళ్ళ తర్వాత, కాబట్టి రాసింది విన్నమాట. నంబర్లు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు అనుకునే చదవాలి. ఆయన లెక్కలో రాయల వైపు 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులు. కోటలో 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు. అంతకంటే ఎక్కువమంది అవసరమే లేదంట, కోట అంత గట్టిది. తిండి లేకుండా మాడ్చి పట్టుకోవాల్సిందే తప్ప వేరే మార్గం లేదంటాడు. పైకి పోవడానికి ఉన్న దారి ఎంత ఇరుకంటే ఒక్కొక్క మనిషే నడవాలి.

ఒక్కసారి ఆలోచించండి. మీ దగ్గర 34,000 మంది ఉన్నారు. కానీ దారిలో పట్టేది ఒక్కడు. పైనుంచి చూసేవాడికి మీ సైన్యం ఎప్పుడూ ఒక్కడే! మా భాషలో చెప్పాలంటే సర్వర్లు ఎన్ని పెట్టినా నెట్‌వర్క్ కేబుల్ సన్నగా ఉంటే ఏం లాభం.

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో హైరూల్ కాసిల్ గుర్తుందా? 2017 గేమ్. ముందు గేటు నుంచి పోతే గార్డియన్లు కాల్చి పడేస్తాయి. కానీ వెనక గోడ ఎక్కి పోవచ్చు, జలపాతంలో ఈదుకుంటా పైకి పోవచ్చు, కింద పడవల రేవు నుంచి దూరొచ్చు. ఎన్ని దారులో. అందరూ దాన్ని మెచ్చుకునేది అందుకే. ఉదయగిరి దానికి పూర్తిగా ఉల్టా, దారులు ఇవ్వని డంజన్. మరి రాయలు ఏం చేశాడు? దారి లేకపోతే దారి వేసుకున్నాడు. పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించి, ఇంకా కొన్ని కొత్త దారులు తొలిపించి బురుజుల దగ్గరికి చేరాడు. మ్యాప్‌నే మార్చేశాడన్నమాట. గేమ్‌లో దీన్ని చీటింగ్ అంటాం. అక్కడ మాత్రం ఒక్కో గజం దారికి ఎంతమంది కూలీల చేతులు, కాళ్ళు పోయుంటాయో ఎవరూ రాయలేదు.

పద్దెనిమిది నెలలు పట్టింది. 1514 జూన్‌లో కోట పడింది.

ఇప్పుడు వాటర్ టెంపుల్. అకరీనా ఆఫ్ టైమ్, 1998. జెల్డా ఆడినవాళ్ళు ఈ పేరు వింటేనే మొహం మాడ్చుకుంటారు. నీళ్ళ మట్టం పెంచాలి, తగ్గించాలి, ఏ గది ఏ మట్టంలో తెరుచుకుంటుందో గుర్తుపెట్టుకోవాలి. దానికోసం ఇనుప బూట్లు మాటిమాటికీ మెనూలోకి పోయి వేసుకోవాలి, తీయాలి. డంజన్లు డిజైన్ చేసిన అవొనుమా తర్వాత దాని గురించి సారీ కూడా చెప్పుకున్నాడు. 2011లో త్రీడీఎస్‌కి మళ్ళీ చేసినప్పుడు ఆ బూట్లకి బటన్ ఇచ్చారు, దారి తెలియడానికి రంగు గీతలు పెట్టారు. నన్నడిగితే ఆ డంజన్ అంత చెడ్డదేం కాదు. ఒకే ఒక్క ప్రశ్న మీద మొత్తం కట్టారు: నీళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయి?

ఉదయగిరి ముట్టడి కూడా నా దృష్టిలో అదే ప్రశ్న. కొండ మీద కోనేర్లున్నాయి, వాన నీళ్ళు నిలిచే దొనలున్నాయి. కాగితం పెన్ను తీసుకుని లెక్కేశాను, ఇంజనీర్ బుద్ధి పోదు కదా. 10,000 మంది, మనిషికి తాగడానికి రోజుకి 3 లీటర్లు. రోజుకి 30,000 లీటర్లు. పద్దెనిమిది నెలలంటే సుమారు 540 రోజులు. మొత్తం 1 కోటి 62 లక్షల లీటర్లు. వంట, గుర్రాలు, పశువులు, స్నానం ఇవేవీ కలపలేదు.

మన జిల్లాలో అసలు వాన ఎప్పుడు పడతుంది? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలకి. 1513 మొదట్లో ముట్టడి మొదలైతే మధ్యలో ఆ సీజన్ ఒక్కటే వచ్చింది. ఎండాకాలాలు మాత్రం రెండు. కోట పడింది రెండో ఎండాకాలం చివర్లో, జూన్‌లో. మే నెలలో ఉదయగిరిలో ఉన్నవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. కత్తితోనే గెలిచారని న్యూనిజ్ రాశాడు, నేను కాదనను. కానీ ఆ కత్తి దూసే సమయానికి పైన కుండలు ఎండిపోయి ఉంటాయని నా అంచనా. ఇది ఏ శాసనంలోనూ లేదు, నా బుర్రలో లెక్క మాత్రమే.

మా అవ్వ ఒక మాట అనేది, కొండ మీద ఆకలికన్నా దప్పిక ముందు పట్టుకుంటుందని. ఆమె చిన్నప్పుడు కట్టెల కోసం ఆ కొండెక్కిన మనిషి. నాకు ఏ పుస్తకమూ చదవకముందే ఆ మాట తెలుసు.

స్నోపీక్ గురించి కూడా చెప్పాలి, నా రూమ్మేట్ బాధపడతాడు. ట్విలైట్ ప్రిన్సెస్‌లో మంచు కొండ మీద పాడుబడ్డ బంగళా. మధ్యలో వంటగది, అక్కడ యెతి ఒకడు జబ్బుపడ్డ భార్య కోసం సూప్ కాస్తుంటాడు. నువ్వు గుమ్మడికాయ తెస్తే అది కలుపుతాడు, చీజ్ తెస్తే అది కలుపుతాడు. నాకు ఆ డంజన్ ఇష్టమయ్యేది పజిల్స్‌కి కాదు, అక్కడ ఎవరో నిజంగా కాపురముంటున్నట్టు ఉంటుంది. మిగతా వాటిల్లో రాక్షసులు గదిలో నిలబడి మనకోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ళు ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు? కుండ పగలగొడితే మనకి హార్ట్ వస్తుంది. ఉదయగిరిలో ఆ కుండ ఒకరి ఆ పూట నీళ్ళు.

ఓడినవాళ్ళ కథ మనం అసలు చెప్పుకోం. మా స్కూల్లో రాయలు గెలిచాడనే చదివాం, చప్పట్లు కొట్టాం. లోపల పద్దెనిమిది నెలలు నిలబడింది ఎవరు? శాసనాల్లో గజపతి ప్రతాపరుద్రుడి బంధువు తిరుమల రాహుత్తరాయుడు పట్టుబడ్డాడని ఉంది. న్యూనిజ్ అయితే గజపతి మేనత్త కూడా చిక్కిందంటాడు. పేర్లున్నది ఒకరిద్దరికే.

ఇక ట్రెజర్. ప్రతి డంజన్‌లో ఒక పెద్ద పెట్టె ఉంటుంది కదా, రాయలకీ దొరికింది. బంగారం సంగతి పక్కన పెట్టండి, ఇక్కడి గుడిలో ఉన్న బాలకృష్ణుడి విగ్రహం. దాన్ని హంపికి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపి పోయినవాళ్ళు కృష్ణాలయం చూసే ఉంటారు, శాసనం అక్కడే ఉంది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది అంటారు. ఉదయగిరి నుంచి హంపి, హంపి నుంచి చెన్నై. మా ఊళ్ళో చాలామంది పిల్లలకి ఈ సంగతే తెలియదు. ఇంటికి పోయే దారిలో రాయలు తిరుమల ఆగి, 1514 జూలై 6న స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. ఆ తర్వాత కొండవీడు, కొండపల్లి అని ఉత్తరానికి పోతానే ఉన్నాడు. చివరికి గజపతి కూతుర్ని పెళ్ళి చేసుకుని కృష్ణకి అవతల ఉన్న నేల వెనక్కి ఇచ్చేశాడు.

కోట తర్వాత గోల్కొండ వాళ్ళ కిందికి పోయింది, కొండ మీద మసీదు, పారసీ శాసనాలు ఆ కాలానివి. ఆ తర్వాత జాగీర్దార్లు. 1839లో కుట్ర అనుమానం మీద కంపెనీ వాళ్ళు జాగీరు లాగేసుకున్నారు. అక్కడితో కోట కథ అయిపోయింది, కొండ మిగిలింది. ఆ కొండ అడవి కొయ్యతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కే పనివాళ్ళు మిగిలారు. ఉదయగిరి చెక్క గరిటెలకి జీఐ ట్యాగ్ ఉంది తెలుసా? మీ ఇంట్లో ఒకటి ఉండే ఛాన్స్ ఉంది, వెనక్కి తిప్పి చూడండి, పేరేమీ ఉండదులే.

సరే, నా వెధవ పని. పద్నాలుగేళ్ళప్పుడు నేను, మా బావ ఇంట్లో చెప్పకుండా కొండెక్కినాం. చేతిలో ఒక నీళ్ళ సీసా, ఒక చిన్న గునపం. గునపం ఎందుకంటే పైన నిధి ఉందని ఊళ్ళో అందరూ అంటారు. అప్పటికి నేను గేమ్స్‌లో మునిగి ఉన్నాను, గోడ మీద పగులు కనపడితే వెనక రహస్య గది ఉంటుందని నా నమ్మకం. జెల్డాలో పగిలిన గోడకి బాంబు పెట్టాలి, అది రూల్. ఒక పడిపోయిన మండపం దగ్గర పగులు కనపడింది. గంట సేపు పొడిచినాం. ఒక రాయి ఊడింది, దాని మీద సగం తీగ చెక్కడం ఉంది. వెనకాల ఏముంది? మట్టి. రాయి దొర్లి కిందకి పోయి రెండు ముక్కలైంది. నీళ్ళు అయిపోయినాయి, నాలుక పిడచకట్టుకుపోయి సాయంత్రానికి దిగినాం. అవ్వ కొట్టలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, "దొరికిందా రా?" అని మాత్రం అడిగింది.

పోయిన సంవత్సరం కెమెరా పట్టుకుని మళ్ళీ ఎక్కాను. ఆ మండపం పూర్తిగా పడిపోయి ఉంది. చుట్టూ గుంతలు, మా గునపం కంటే పెద్ద వాటితో తవ్వినవి. నిధి కోసం వచ్చినవాళ్ళే, ఎవరన్నది నాకు తెలియదు. వాళ్ళని తిట్టడానికి నోరు తెరిచాను, ఆ వీడియో క్లిప్ తీసేశాను. నా గేమ్‌లో గోడ పగలగొట్టి బయటికొస్తే కాసేపటికి గోడ మళ్ళీ మామూలుగా ఉంటుంది. ఇక్కడ ఆ తీగ చెక్కిన రాయి రెండు ముక్కల కోసం రెండు గంటలు వెతికాను. ఒక ముక్క దొరికింది. మండపం దగ్గరికి మోసుకొచ్చి, దాని చోటు ఏదో తెలియక, మిగతా రాళ్ళ పక్కన పెట్టి వచ్చాను.

ఫోటో స్క్రీన్ మీద వేస్తున్నాను చూడండి, ఎడమ వైపు, తీగ సగం కనపడతా ఉంది. రెండో సగం మీలో ఎవరికైనా కనపడితే కిందకి తేవద్దు, అక్కడే పెట్టండి. పైకి పోయేవాళ్ళు మనిషికి మూడు లీటర్లు తక్కువ కాకుండా తీసుకుపోండి, లెక్క చెప్పాను కదా. వచ్చే ఎపిసోడ్ కొండవీడు. ఉంటాను.