అరటి గెలల నుంచి స్కీ లిఫ్ట్ దాకా: మంచు కొండ ఎవరిది?

మంచు కొండల మీద స్కీయింగ్ వీడియోలు మీ ఫోన్‌లో చూసే ఉంటారు. రయ్యిమని కిందికి జారడం అందరూ చూపిస్తారు. పైకి ఎలా వెళ్లారో మాత్రం పెద్దగా చూపించరు. ఈ ఎపిసోడ్ ఆ పైకి వెళ్లే దారి గురించే. ఎందుకంటే కొండ మీద ఎవరికి చోటుందో, ఎవరికి లేదో తేల్చింది అదే.

లిఫ్టులు లేని రోజుల్లో లెక్క సింపుల్. ఎంతోసేపు ఆయాసపడుతూ ఎక్కాలి, నిమిషాల్లో దిగిపోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పదే పదే జారాలి, పడాలి, లేవాలి కదా! రెండుసార్లు ఎక్కేసరికే ఓపిక అయిపోతే ఇంక నేర్చుకునేదెప్పుడు? అందుకే అది ఒంట్లో బాగా బలమున్నవాళ్ల ఆటగా ఉండేది.

ఇప్పుడు 1936కి వెళ్దాం. అమెరికాలో యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ ఉంది. దాని ఛైర్మన్ అవెరెల్ హారిమన్. చలికాలంలో కూడా రైలెక్కే జనం కావాలని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే రిసార్ట్ కట్టిస్తున్నాడు. మరి వచ్చినవాళ్లని కొండ ఎక్కించేదెలా?

ఆ కంపెనీలో జిమ్ కరన్ అనే ఇంజనీర్ ఉన్నాడు. అంతకుముందు ఆయన పనిచేసింది దేని మీదో తెలుసా? అరటి గెలల్ని ఓడల్లోకి ఎక్కించే యంత్రాల మీద! కదిలే తీగ, దానికి కొక్కేలు, కొక్కేలకి గెలలు. కొక్కెం తీసేసి కుర్చీ పెడితే మనిషి కూడా వెళ్తాడు కదా అనుకున్నాడు. ఒక ట్రక్కు పక్కన కుర్చీ వేలాడదీసి, ఎంత వేగంలో మనిషి దెబ్బ తగలకుండా కూర్చోగలడో చూశారు. అప్పటికి మంచు లేదు. అందుకని కాళ్లకి రోలర్ స్కేట్లు కట్టుకుని మరీ ప్రయత్నించారు. ఆ డిసెంబర్‌లో సన్ వ్యాలీ తెరుచుకుంది. ప్రపంచంలో మొదటి చెయిర్‌లిఫ్టులు అక్కడివే.

అప్పటినుంచి ఎక్కే కష్టం యంత్రానిది, జారే సరదా మనిషిది. ఇవాళే మొదలుపెట్టినవాళ్లూ, ఆరితేరినవాళ్లూ ఒకే రిసార్ట్‌కి వస్తారు. ఎవరి స్థాయికి తగ్గ వాలు వాళ్లది.

కానీ ఇక్కడే అసలు మెలిక. లిఫ్ట్ అంటే గేటు కూడా. గేటు ఉంటే కాపలా కూడా ఉంటుంది.

1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి కట్టి ఒకే పలకలా చేశాడు. స్నోబోర్డుకి మూలాల్లో అదొకటి. 1980ల మొదట్లో బోర్డు పట్టుకుని వచ్చిన కుర్రాళ్లని చాలా రిసార్టులు లిఫ్ట్ ఎక్కనివ్వలేదు. ప్రమాదం అన్నారు, మంచు పాడవుతుందన్నారు. 1983లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ తలుపు తీసింది. మిగతావి మెల్లగా దారికొచ్చాయి. 1998 నగానో ఒలింపిక్స్‌కి స్నోబోర్డింగ్ పతకాల ఆట అయిపోయింది.

అయినా యూటాలోని ఆల్టా రిసార్ట్ మాత్రం వద్దంటూనే వచ్చింది. దాని నేలలో ఎక్కువ భాగం ప్రభుత్వ అటవీ భూమి. ప్రభుత్వ భూమిలో మమ్మల్ని ఎలా ఆపుతారని స్నోబోర్డర్లు 2014లో కోర్టుకెళ్లారు. అది రిసార్ట్ సొంత నిర్ణయం, ప్రభుత్వానిది కాదని 2016లో అప్పీల్ కోర్టు కూడా తేల్చేసింది. కుర్రాళ్లు ఓడిపోయారు.

చూశారా, కొండ అందరిదీ అయినా, లిఫ్ట్ ఎవరిదైతే మాట వాళ్లదే. ఇది న్యాయమేనా? మీరేమంటారో కామెంట్స్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం!