పడవ మోటారుకు గేరు వచ్చిన వైనం

పడవ వెనుక బయట బిగించే అవుట్‌బోర్డ్ మోటారు పుట్టిన కొత్తలో దానికి గేరు మార్చే ఏర్పాటే లేదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో అమ్మకానికి పెట్టిన మోటారులో ఇంజను తిరిగితే పంకా (ప్రొపెల్లర్) తిరగాల్సిందే. రేవు దగ్గరపడగానే ఇంజను ఆపి, మిగిలిన ఊపుతో ఒడ్డు చేరడం ఆనాటి నేర్పు. కొన్ని మోటార్లనైతే మొత్తంగా వెనక్కి తిప్పి పడవను వెనక్కి నడిపేవారు.

1949లో జాన్సన్ కంపెనీ తన 10 హార్స్‌పవర్ మోటారుకు ముందుకు, న్యూట్రల్, వెనక్కి అనే మూడు స్థానాల గేరు అమర్చింది. నీటిలో మునిగే గేరు పెట్టెలో నిలువు షాఫ్టు చివరనున్న చిన్న పళ్ళచక్రం రెండు పెద్ద చక్రాలను ఎదురెదురు దిశల్లో తిప్పుతూనే ఉంటుంది. పంకా షాఫ్టు మీద జరిగే, పళ్ళున్న డాగ్ క్లచ్ వాటిలో ఒకదాన్ని పట్టుకుంటుంది. మధ్యలో ఆగితే న్యూట్రల్. 1960లలో విద్యుదయస్కాంతాలతో గేరు మార్చే పద్ధతి వచ్చింది గానీ నిలవలేదు. నిలిచింది ఈ మొరటు డాగ్ క్లచ్ అమరికే.

దాని జబ్బులూ సూటిగానే ఉంటాయి. గేరును జంకుతూ మెల్లగా వేస్తే క్లచ్ పళ్ళ అంచులు అరిగి గుండ్రబడతాయి. వేగం పెంచగానే గేరు జారిపోతుంది. అయితే పెట్టె విప్పేముందు గేరు లివర్ నుంచి దిగే కడ్డీ అమరిక చూడాలి, కొన్నిసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. గేరు నూనె పాలలా తెల్లబడితే సీలు పాడై లోపలికి నీరు చేరినట్టే.