కుప్పానికి కంప్యూటర్ వచ్చిన రోజులు | మన ఊరి టెక్ హిస్టరీ

ఈరోజు ఎపిసోడ్ మా అవ్వ వేలితో మొదలుపెడతా.

పుంగనూరు దగ్గర మా పల్లె. నేను మదనపల్లెలో బీటెక్ చదివేటప్పుడు ఒక శనివారం ఇంటికొస్తే, అవ్వ స్టోరు బియ్యానికి పోయి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. "ఏమైంది అవ్వా?" అన్నా. "నా వేలు అరిగిపోయిందంట నాయనా, మిషన్ ఒప్పుకోలా" అంది. యాభై ఏళ్లు కలుపు తీసి, శెనక్కాయలు ఒలిచిన వేళ్లు. గీతలెక్కడుంటాయి చెప్పండి? మూడు రోజులు తిరిగింది. చివరికి వీఆర్వో వచ్చి తన వేలు పెడితే బియ్యం ఇచ్చారు.

తర్వాత నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, లాగిన్ స్క్రీన్లు నేనే రాయడం మొదలుపెట్టా. అప్పుడు ఒక డౌట్ వచ్చింది. అసలు మన వైపుకి ఈ కంప్యూటర్ సేవలు ఎలా వచ్చాయి? మొదట్లో కూడా ఇలాగే ఉండేవా?

కాస్త వెనక్కి వెళ్దాం. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకి కంప్యూటర్లు పెట్టారు. ఆ ప్రాజెక్టు పేరు 'కార్డ్'. అంతకుముందు ప్రతి దస్తావేజునీ పెద్ద పుస్తకాల్లోకి చేత్తో నకలు రాసేవాళ్లు. ఈసీ కావాలంటే ఆ పుస్తకాలన్నీ తిరగేయాలి. రోజుల పని గంటల్లోకి వచ్చింది. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ కేంద్రాలు వచ్చాయి, కరెంటు బిల్లుకి ఎండలో లైను తగ్గింది. కానీ ఇదంతా ఆఫీసుల్లో, సిటీలో. పల్లె సంగతేంటి?

ఇక్కడే మన కుప్పం సీన్‌లోకి వస్తుంది. అమెరికా కంపెనీ హెచ్‌పీ 2000లో 'ఈ-ఇన్‌క్లూజన్' అని ఒక కార్యక్రమం ప్రకటించింది. కంప్యూటర్ అందని జనానికి అందించాలి, కంపెనీకి కొత్త మార్కెట్ కూడా దొరకాలి అని. అందులో భాగంగా 2002 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మూడేళ్ల 'ఐ-కమ్యూనిటీ'ని కుప్పంలో మొదలుపెట్టింది. కుప్పమే ఎందుకు? అది అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం, బెంగళూరుకి దగ్గర. పైగా వానల మీద ఆధారపడి బతికే మెట్ట ప్రాంతం. ఇక్కడ పనిచేస్తే ఎక్కడైనా పనిచేస్తుందని లెక్క.

ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు. కంప్యూటర్, ఇంటర్నెట్, పథకాల వివరాలు. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది మాత్రం ఒక చిన్న ఐడియా: విలేజ్ ఫోటోగ్రాఫర్లు. పొదుపు సంఘాల ఆడవాళ్లకి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, వాటిని నడిపే సోలార్ ప్యానెల్ ఇచ్చి ట్రైనింగ్ ఇచ్చారు. అప్లికేషన్‌కి పాస్‌పోర్ట్ సైజు ఫోటో కావాలంటే టౌనుకి పోవాలి. బస్సు చార్జీ పోతుంది, ఒక రోజు కూలీ పోతుంది. అదే మన పక్కింటి అక్క భుజానికి సంచి తగిలించుకుని వచ్చి, అక్కడికక్కడే ఫోటో తీసి చేతిలో పెడితే? కరెంటు లేకపోయినా పని ఆగదు. ఆమెకీ నాలుగు రూపాయలు.

గమనించారా? ఫోటో కోసం వచ్చిన ముసలాయన ఏ బటనూ నొక్కలేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోలేదు. మిషన్ కష్టం ఆ అక్క మోసింది. ఫోటో సరిగా రాకపోతే అడగడానికి ఒక ముఖం ఉంది.

మరి ఏమైంది? 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో హెచ్‌పీ బాస్ కార్లీ ఫియోరినా పదవి పోయింది. మూడేళ్ల గడువూ అయిపోయింది, కంపెనీ వెనక్కి తగ్గింది. ఇంజనీర్‌గా చెప్తున్నా, పైలట్ ప్రాజెక్టులు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. మొదలుపెట్టిన రోజు రిబ్బన్ కటింగ్ ఉంటుంది. ఇంకు అయిపోయిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 2011లో మీసేవ, 2015లో రేషన్‌కి ఈపాస్ మిషన్లు, 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్. లాభం లేదా అంటే, బోలెడంత ఉంది. ఈపాస్ వల్లే వేరే ఊళ్లో స్టోరులో కూడా బియ్యం తీసుకునే వీలొచ్చింది. కాగితమే మేలు అనేవాళ్లకి ఒక్క మాట: 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరేట్‌లో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఒకే బిల్డింగులో ఉన్న కాగితానికి బ్యాకప్ ఉండదు.

నా బాధ వేరే. 2002లో పల్లెకి మిషన్‌తో పాటు మనిషి కూడా వచ్చింది. ఇప్పుడు మిషన్ అందరి జేబులోకీ వచ్చేసింది, పక్కన ఉండే మనిషి తగ్గిపోతున్నాడు. ఓటీపీ వచ్చేది కొడుకు నంబర్‌కి, ఆ కొడుకు ఉండేది బెంగళూరులో. సర్వర్ డౌన్ అంటే మళ్లీ రేపు రావాలి. మన రెండు నిమిషాల చిరాకు, అవ్వకి మూడు రోజుల బియ్యం. ఆ రోజు మిషన్ ఒప్పుకోని వేలికి బదులు పనిచేసింది ఇంకో మనిషి వేలే కదా.

అందుకే ఒక చిన్న పని. ఈసారి పండక్కి ఇంటికి పోయినప్పుడు, మీ అవ్వ ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింక్ అయిందో ఒక్కసారి చూడండి. రాని నంబర్ అయితే మార్పించండి. పక్కింటి తాతకి కూడా అడగండి. ఇరవై ఏళ్ల కింద కుప్పంలో ఆ అక్కలు సంచి మోసుకుని చేసిన పని, ఫోన్ చేతిలో ఉన్న మనం చేయలేమా?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!