ఎదుర్లంక బాలయోగి గారు

కొబ్బరికాయల లోడుతో యానాం వంతెన దాటుతుంటారు కదా, దానికి ఎవరి పేరుందో మన కుర్రాళ్ళని అడగండి. చాలామంది చెప్పలేరు.

గంటి మోహనచంద్ర బాలయోగి గారు 1951 అక్టోబరు 1న, వంతెనకి ఇవతలి ఒడ్డున ఎదుర్లంకలోనే పుట్టారు. దళిత కుటుంబం. లా చదివి కాకినాడలో ప్లీడరీ చేశారు. మేజిస్ట్రేటు ఉద్యోగం వస్తే అదీ వదిలేశారు. 1987లో జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు, మనమే ఓడించాం, దాచుకోవడమెందుకు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ ఎంపీ, ఆ మార్చిలోనే లోక్‌సభ స్పీకర్. ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు ఆయనేనండి.

1999 ఏప్రిల్ 17 గుర్తుందా? గిరిధర్ గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగానే ఉన్నారు. ఓటెయ్యొచ్చా, కూడదా అని సభలో గొడవ. బాలయోగి గారు దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. 269, 270. ఒక్క ఓటుతో వాజ్‌పేయి గారి ప్రభుత్వం పడిపోయింది. బాలయోగి గారి సొంత పార్టీ తెలుగుదేశం ఆ ప్రభుత్వం వైపే ఉంది మరి! ఆపేస్తే పోయేది కదా అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాకైతే ఆయన చేసిందే సబబు.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ చేపల చెరువులో కూలి చనిపోయారు. యాభై ఏళ్ళేనండి.

వంతెన లేని రోజుల్లో గౌతమి దాటాలంటే పంటే గతి. బస్తాలతో రేవులో నేనెన్నిసార్లు పడిగాపులు కాశానో, మీలో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు.